ఒక రోజుకు ఒక పాయ

వానలు తగ్గి కార్తీకం వచ్చేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు రెట్టింపవుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఒకటే అడిగారు: "సెలవు ఒక్కరోజే దొరికింది, ఏమేం చుట్టి రావచ్చు?" కొత్తగా చదివేవారి కోసం నా గురించి ఒక్క మాట. కోనసీమ బడుల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పాను. ఏటా పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే బాధ్యత నాదే. రిటైరయ్యాక రాజమండ్రిలో ఉంటున్నాను. బస్సు, రైలు, ఆటో, పంటు (మనుషుల్నీ బండ్లనూ నది దాటించే పెద్ద పడవ), నా తిరుగుడంతా వీటి మీదే.

ప్రశ్న: ఉద్యోగం మారి హైదరాబాదు నుంచి రాజమండ్రి వచ్చి నాలుగు నెలలైంది. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మాకు కారు లేదు. ఆదివారం వస్తే పిల్లలు మాల్ అంటారు. ఈ ఊళ్లో చూడటానికి ఏముందని మా ఆయన అంటారు. దూరం పోకుండా ఊళ్లోనే చూసేవి చెప్పండి మేడమ్. — ఒక గృహిణి, దానవాయిపేట

మీ ఆయన్ని ఏమీ అనకండమ్మా. ఊరు నది ఒడ్డున ఉన్నా, బజారులో తిరిగేవాళ్లకు నది కనబడదు. కాబట్టి మొదటి ఆదివారం చేయాల్సిన పని, నదిని దాటడం.

పొద్దున్నే గోదావరి స్టేషనుకు వెళ్లండి. పెద్ద స్టేషను కాదు, వంతెన మొదట్లో ఉన్న చిన్న స్టేషను. అక్కడ ప్యాసింజరు ఎక్కితే తర్వాతి స్టేషను కొవ్వూరు. టిక్కెట్టు ఖర్చు పెద్దదేమీ కాదు. రైలు 1997 నాటి ఆర్చి వంతెన మీదుగా వెళ్తే పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆర్చీలు లెక్కపెట్టమనండి. ఒక వైపు ఇరవై ఎనిమిది రావాలి. ఒకసారి ఏడో తరగతి పిల్లల్ని ఇలాగే తీసుకొచ్చాను. వాళ్లలో ఒక అమ్మాయిది నది మధ్య లంక గ్రామం, అప్పటిదాకా రైలెక్కలేదు. ఆ పిల్ల గట్టిగా లెక్కపెడుతుంటే పదిహేను దాటేసరికి పెట్టెలో ఉన్న కూరగాయల బుట్టలవాళ్లు, ఉద్యోగస్తులు అందరూ గొంతు కలిపారు. ఇరవై ఎనిమిది అనగానే ఒక పెద్దాయన పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "నా బదులు నువ్వెయ్యమ్మా గోదారమ్మకి" అన్నాడు. అప్పటికి నది దాటిపోయింది. ఆ రూపాయి తిరుగు ప్రయాణంలో వేసింది.

పక్కనే పాత హేవలాక్ వంతెన కనబడుతుంది. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974 నాటిది. ఇవి ఏవి ఎప్పటివో తెలిసి దాటితే పిల్లలకు నాలుగు తరాల కథ ఒక్క కిటికీలోంచే చెప్పొచ్చు.

కొవ్వూరులో దిగి ఆటోలో గోష్పాద క్షేత్రానికి వెళ్లండి. కొవ్వూరు నదికి పడమటి ఒడ్డు, అంటే అక్కడి నుంచి చూస్తే సూర్యుడు రాజమండ్రి వైపు నుంచి నది మీదుగా లేస్తాడు. రాజమండ్రి తూర్పు ఒడ్డు, ఇక్కడ నది మీద సూర్యాస్తమయం. పొద్దున ఆ ఒడ్డు, సాయంత్రం ఈ ఒడ్డు. ఈ ఊరివాళ్లలోనే చాలామంది దీన్ని పట్టించుకోరు.

తిరిగి వచ్చి భోంచేసి, ఎండ తగ్గేవరకు దామెర్ల రామారావు చిత్రశాలలో గడపండి. ఈ ఊళ్లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే మశూచితో పోయిన చిత్రకారుడు ఆయన. పెద్ద హంగు ఉండదు. గోడల మీద బొమ్మలు, మీరు, అంతే. మీ పెద్దబ్బాయిని ఒక్క బొమ్మ ముందు నిలబెట్టి, ఇందులో వెలుగు ఎటునుంచి పడుతోందో కనిపెట్టమనండి. పది నిమిషాలు కదలడు. ఇంకా ఓపికుంటే కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. మీ అత్తగారికి ఆ కథ తెలిసే ఉంటుంది. పిల్లలకు ఆవిడ చేత చెప్పించండి, మీరు చెప్పకండి.

అయిదు దాటాక కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగించి, అక్కణ్ణుంచి పుష్కర ఘాట్. అత్తగారిని మెట్లు దింపొద్దు, పైన గట్టు మీదే కూర్చోబెట్టండి. హారతి అక్కణ్ణుంచి కూడా కనబడుతుంది. పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపేటప్పుడు పెద్దవాళ్లలో ఒకరు వాళ్ల కంటే కింది మెట్టు మీద నిలబడాలి. మా బడి యాత్రల్లో ఈ నియమం ఒక్కరోజు కూడా తప్పలేదు.

ప్రశ్న: మేం ఆరుగురం స్నేహితులం. విజయవాడ నుంచి కారులో ఒక్కరోజు కోనసీమ చూడాలని ప్లాను. లిస్టు ఇది: ర్యాలి, వాడపల్లి, అయినవిల్లి, అప్పనపల్లి, దిండి, అంతర్వేది, యానాం, ద్రాక్షారామం. మ్యాపులో అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. వరస చెబితే చాలు. — ఒక ఇంజినీరింగు విద్యార్థి

బాబూ, వరస చెప్పను. లిస్టు చింపెయ్యమని చెబుతాను.

మ్యాపులో దగ్గరగా ఉన్నాయన్నది నిజమే. కానీ మధ్యలో ఉన్న నీలం గీతల్ని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. ఆ వశిష్ఠలోంచి పి.గన్నవరం దగ్గర మళ్లీ వైనతేయ విడిపోతుంది. ఇవి వాగులు కావు, ఒక్కొక్కటీ ఒక నది. ఎక్కడ పడితే అక్కడ వంతెనలు ఉండవు. కోటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా ముక్తేశ్వరం కొబ్బరిచెట్లు కనబడతాయి. పడవలో అయితే కాసేపట్లో దాటిపోతాం. అదే కారులో అయితే కిందికి యానాం వంతెనకో, పైకి జొన్నాడ వంతెనకో పోయి చుట్టు తిరిగి రావాలి. కోనసీమలో దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు, ఎన్ని పాయలు దాటాలన్నది చూసుకోవాలి.

నీ లిస్టునే ఒకసారి చూడు. ర్యాలి, వాడపల్లి, అయినవిల్లి ఉన్నవి గౌతమికీ వశిష్ఠ, వైనతేయలకూ మధ్య. అప్పనపల్లి, దిండి, అంతర్వేది వైనతేయ దాటాక, వశిష్ఠకు ఇవతల. ద్రాక్షారామం, యానాం గౌతమికి ఆవల. మూడు వేరు వేరు లంకలనుకో. మూడింటినీ ఒకే పగలు చుట్టేస్తే మీరు చూసేది వంతెనలు, టోల్‌గేట్లు, ఆరుగురిలో ఎవరికో కడుపునొప్పి. నేను పిల్లలకు పెట్టిన నియమం ఒకటే, ఒక రోజుకు ఒక పాయ. ఆ రోజు ఎటు తిరిగినా ఆ పాయకు ఈ గట్టునే తిరగాలి, అవతలి గట్టు ఇంకో రోజుకు.

మీకు ఉన్నది ఒక్కరోజే కాబట్టి మధ్య ముక్క తీసుకోండి. విజయవాడలో తెల్లవారుజామునే బయలుదేరి రాజమండ్రి దాకా రండి. రావులపాలెం దారిలోనే తగులుతుంది, అయినా అక్కడ దిగొద్దు. ధవళేశ్వరంలో బ్యారేజీ ఎక్కండి. కాటన్ బ్యారేజీ నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. బ్యారేజీ మీదుగా వెళ్తే బొబ్బర్లంక వస్తుంది. అక్కణ్ణుంచి రావులపాలెం దాకా రోడ్డు కాలువ గట్టునే పోతుంది. ఈ రోడ్డు కోసమే మిమ్మల్ని ఇంత చుట్టు తిప్పుతున్నాను. ఒక పక్క నిండుగా కాలువ, ఇంకో పక్క పల్లంలో అరటితోటలు. రోడ్డు కంటే చేలు కిందికి ఉంటాయి, కాలువ నీరు చేల కంటే పైన ఉంటుంది. డెల్టా అంటే ఏమిటో నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా అర్థం కాని పిల్లలకు ఈ గట్టు మీద ఒక్క నిమిషంలో అర్థమైంది. నీరు తనంతట తాను కిందికి పారాలంటే కాలువ ఎత్తున ఉండాలి కదా!

దారిలో ఆత్రేయపురంలో ఆగండి. పూతరేకులు కొనడానికే కాదు, రేకు తీయడం చూడటానికి. ఎవరింట్లోనైనా అడిగితే కాదనరు, చూశాక మాత్రం అక్కడే కొనండి. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట. ఆవిడ తెల్లటి గుడ్డను పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచి, రెండు చివరలూ పట్టుకుని కుండ మీద ఒక్కసారి వేసి లాగుతుంది. గుడ్డ వెళ్లిపోతుంది, కుండ మీద తడి మిగులుతుంది. ఆ తడి మన కళ్ల ముందే తెల్లబడి, అంచు లేస్తుంది. ఆ అంచు పట్టుకుని ఊడదీస్తే రేకు. దాని వెనక చెయ్యి పెడితే చేతి గీతలు కనబడతాయి. మంట కొంచెం ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. మంట కొలవడానికి ఏ యంత్రమూ లేదు, ఆవిడ మణికట్టుకు తగిలే సెగే కొలత. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఆ మణికట్లకు వచ్చిందని నేననుకుంటాను.

తర్వాత ర్యాలి. ఒకే శిల, ముందువైపు కేశవస్వామి, వెనకవైపు మోహిని. అర్చకులు దీపం పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి చూపిస్తారు. తొందరపడకుండా మోహిని జడ ముడి, చేతి గోళ్లు చూడండి. శనివారం కాకపోతే వాడపల్లి కూడా అయిపోతుంది. ఎండ పడమటికి వాలాక లొల్ల లాకుల దగ్గర ఒక గంట ఊరికే కూర్చోండి. లాకుల తలుపుల కింద నీళ్లు పడే చప్పుడు, చెట్ల నీడ, కాలువలో ఈత కొట్టే పిల్లలు. మీరు మాత్రం ఈతకు దిగొద్దు. లాకుల దగ్గర నీటి లాగుడు చాలా బలంగా ఉంటుంది. చీకటి పడకముందే రావులపాలెంలో హైవే ఎక్కి ఇంటిదారి పట్టండి.

మిగిలిన ఆరూ ఎక్కడికీ పోవు. వచ్చే ఏడు వశిష్ఠ ముక్కకు రండి.

ప్రశ్న: క్రితం నెల మీరు "శనివారం వాడపల్లి వద్దు" అని రాశారు. మా ఇంట్లో ఏడు శనివారాల మొక్కు ఉంది, నాలుగు అయ్యాయి. మా కోడలు మీ మాట చదివి ఈ వారం మానేద్దామంది. మనసు చివుక్కుమంది. — ఒక పెద్దావిడ, మండపేట

నన్ను క్షమించండమ్మా. చూడటానికి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. మొక్కు తీర్చుకునేవాళ్లకు వేరుగా రాయాల్సింది, రాయలేదు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలంటే ఏడూ శనివారాలే. మీరు మానొద్దు. తెల్లవారకముందే బయలుదేరండి, సొంత బండి వద్దు. రావులపాలెం నుంచి శనివారాల్లో బస్సులు బాగా తిరుగుతాయి. ప్రదక్షిణల దగ్గర తోపులాట ఉంటుంది కాబట్టి కోడల్ని మీకు బయటివైపు నడవమనండి. మిగిలిన మూడు శనివారాలూ చల్లగా గడవాలి.

ప్రశ్న: పాపికొండలు బోటు షికారు పెట్టుకున్నాం, కానీ 2019 ప్రమాదం గుర్తొచ్చి మా అమ్మకు ఒకటే టెన్షన్. వెళ్లొచ్చా? — అన్నాచెల్లెళ్లు, ఏలూరు

మీ అమ్మగారి భయం న్యాయమైనది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. అప్పుడు నది వరద మీద ఉంది. ఎర్రనీళ్లు దిగుతున్న రోజుల్లో గోదావరిలో షికారు ఎవరు రమ్మన్నా వెళ్లకూడదు. నవంబరు తర్వాత నీరు తేటబడి నెమ్మదిస్తుంది. అప్పుడు అనుమతి ఉన్న బోటులో వెళ్లొచ్చు. గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కుతారు, రోజంతా పడుతుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక రేవులో నలభై మంది పిల్లలతో పడవ ఎక్కాను. మేం ఎక్కాక ఇంకో పెళ్లివారి గుంపును కూడా ఎక్కించారు. పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానెడే మిగిలింది. "ఏం కాదండి మేడంగారండి, రోజూ ఇంతే" అన్నాడు సరంగు. పిల్లలందర్నీ దించేశాను. ఇచ్చిన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు యాత్ర పోయింది, పిల్లలు ఏడ్చారు, ఒకరిద్దరు తల్లిదండ్రులు మర్నాడు బడికొచ్చి నన్ను అడిగారు కూడా. ఆ పడవ క్షేమంగానే అవతలికి చేరింది. అయినా నేను చేసింది సరైన పనేనని ఈ రోజుకీ అనుకుంటాను. కాబట్టి మీరు ఎక్కేటప్పుడు చూడాల్సింది లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని కాదు, ఒంటి మీద వేసి ముడి బిగించాక బోటు కదిలిందా అని. మధ్యలో ఫొటో కోసం ఎవరు విప్పమన్నా విప్పొద్దు. జనమంతా ఒక పక్కకే చేరి కొండల్ని చూస్తుంటే మీరు రెండో పక్కన ఉండండి.

ఇంకో మాట. దారిలో గట్ల మీద పాడుబడిన ఊళ్లు, నీట మునిగిన చోట్లు వస్తాయి. పోలవరం కోసం ఖాళీ అయిన ఊళ్లు అవి. దేవీపట్నంలో ఒకప్పుడు మేం మా పిల్లలతో దిగి టీ తాగేవాళ్లం. అక్కడికి వచ్చినప్పుడు మైకులో పాటలు కాసేపు ఆపమని బోటువాళ్లను అడగండి. అడిగితే ఆపుతారు.

ప్రశ్న: టీచర్‌గారూ, నేను ఆరో తరగతి. మా ఊళ్లో గుర్రం మీద కాటన్ దొర విగ్రహం ఉంది. ధవళేశ్వరంలో ఆయన మ్యూజియం చూడటానికి నాన్న తీసుకెళ్తానన్నారు. అక్కడ ఏం చూడాలి? — ఒక విద్యార్థి, కపిలేశ్వరపురం

మంచి ప్రశ్న, నాయనా! మ్యూజియం కంటే ముందు బ్యారేజీ చూడు. ధవళేశ్వరం ముక్కకు 70 గేట్లు, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39. మొత్తం ఎంతో కూడి నాకు కార్డు రాయి. ఇప్పుడు ఉన్నది 1982కి పూర్తయిన కొత్త కట్టడం. కాటన్ దొర కట్టింది ఆనకట్ట, 1847లో మొదలై 1852కి పూర్తయింది. దానికి ముందు ఈ జిల్లాలో ఒక ఏడు కరువు, ఒక ఏడు తుఫాను. 1833 నాటి కరువును డొక్కల కరువు అన్నారంటే మనుషులు ఎలా అయిపోయారో ఊహించుకో. నది పక్కనే పారుతున్నా చేలకు నీళ్లు లేవు, ఎందుకంటే నది పల్లంలో ఉంది. ఆనకట్ట నీటిని కొంచెం పైకి లేపింది. లేచిన నీరు కాలువల్లోకి వెళ్లింది. పది లక్షల ఎకరాలకు పైగా ఈ రోజుకీ ఆ నీళ్లతోనే పండుతోంది.

మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు, ఆనాటి పనిముట్లు ఉంటాయి. నమూనా దగ్గర నాన్నగారిని ఒక ప్రశ్న అడుగు: "మన ఊరి కాలువ ఇందులో ఎక్కడ మొదలవుతుంది?" ఇంటికెళ్లాక తాతయ్యనో, బడి పంతులుగారినో అడిగి, ఆ ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్ల గురించి ఏమైనా విన్నారేమో రాసిపెట్టు. వాళ్లకు విగ్రహాలు లేవు, అందుకని.

ప్రశ్న: కాకినాడ వచ్చాం, కోరంగి మడ అడవులు చూడాలి. ఎంతసేపు పడుతుంది? పిల్లలకు బోరు కొడుతుందా? — ఒక బ్యాంకు ఉద్యోగిని

చెక్కదారి మీద గబగబా నడిస్తే అరగంటలో బయటికొచ్చేస్తారు. అప్పుడు బోరే. రెండున్నర గంటలు పెట్టుకోండి, పొద్దున్నే వెళ్లండి. సముద్రం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు బురద బయటపడుతుంది, చూడాల్సింది ఆ బురదే. పోటు మీద నీళ్లు నిండితే అందంగానే ఉంటుంది కానీ అన్నీ మునిగిపోతాయి. బోటు తిరిగేది మాత్రం నీళ్లు ఉంటేనే. ఈ రెండూ ఏ వేళకో గేటు దగ్గర ముందే అడగండి.

పిల్లల్ని చెక్కదారి మీద ఒకచోట బోర్లా పడుకోబెట్టి, కిందికి చూస్తూ నూరు లెక్కపెట్టమనండి. మొదట ఏమీ కనబడదు. బురదలోంచి వేల పెన్సిళ్లు నిలబెట్టినట్టు మడచెట్ల వేర్లు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేర్లతో ఊపిరి తీసుకుంటుంది. ముప్ఫై దాటేసరికి ఒక కన్నంలోంచి ఎర్రటి పీత బయటికొస్తుంది, ఒక డెక్క తన ఒంటికంటే పెద్దది. దాన్ని ఎత్తి దించుతూ ఉంటుంది. అరవై దాటాక బురద ముద్దే అనుకున్నది గెంతుతుంది, అది చేప! నేల మీద గెంతే చేపను చూసిన పిల్లలు ఇంటికెళ్లాక ఫోను అడగరు. కొన్ని చెట్లకు గింజ కాయలో ఉండగానే మొలకెత్తి వేలాడుతుంది, రాలితే నేరుగా బురదలో గుచ్చుకుని నిలబడుతుంది. నీటిపిల్లి, అంటే చేపలు పట్టే అడవిపిల్లి, కూడా ఇక్కడ ఉంది. అది రాత్రి తిరిగే జంతువు, కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వొద్దు.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కణ్ణుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. 1839 తుఫాను ఆ రేవును ఊడ్చేసింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను నాకు తెలుసు. అమలాపురం దగ్గర మేం అద్దెకున్న ఇంట్లో, తలుపుకు బియ్యం బస్తాలు అడ్డం పెట్టి, పైకప్పు పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే పిల్లల్ని మంచం కింద కూర్చోబెట్టుకున్నాం. తెల్లారి చూస్తే కొబ్బరితోటలన్నీ ఒకే దిక్కుకు దువ్వినట్టు పడి ఉన్నాయి. సముద్రం ఊళ్ల మీదికి వచ్చేటప్పుడు ముందు దెబ్బ తినేవి ఈ మడచెట్లు. దయచేసి చెక్కదారి మీంచి చిప్స్ ప్యాకెట్లు కిందికి వేయకండి. వేయబోయే పిల్లల్ని, వాళ్లు మీ పిల్లలు కాకపోయినా సరే, ఆపండి.

ప్రశ్న: కడియం నర్సరీలకు ఎప్పుడు వెళ్లాలి? — చాలామంది అడిగారు

డిసెంబరు, జనవరి. చేమంతులు, బంతులు విరగబూసి ఉంటాయి. కడియపులంకలో హైవే పక్కనున్న పెద్ద తోటలు చూడటానికి బాగుంటాయి. కొనేది మాత్రం లోపలి వీధుల్లో, చిన్న రైతుల దగ్గర కొనండి. పువ్వు చూసి మొక్క కొనకండి, వేరు చూసి కొనండి. సంచి అడుగునుంచి వేరు బయటికి తన్నుకొచ్చి చుట్టలు తిరిగి ఉంటే అది ముదిరిన మొక్క, ఇంటికొచ్చాక తేరుకోవడం కష్టం. బస్సులో తెచ్చుకునేవాళ్లు మొక్కకు ముందురోజే నీళ్లు పోసి ఉంచమనండి, బయలుదేరే రోజు పోస్తే తడి సంచి చిరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మకు ఎనభై. నడవలేదు. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసేచోటు ఒక్కసారి చూడాలని ఎప్పటినుంచో అడుగుతోంది. తీసుకెళ్లడం సాధ్యమా? — ఒక కొడుకు, తణుకు

సాధ్యమే బాబూ, తప్పకుండా తీసుకెళ్లు. భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణం, అప్పుడు ఇసుకేస్తే రాలని జనం. ఆ రోజులు వదిలేసి, మామూలు వారంలో ఏ మంగళవారమో బుధవారమో వెళ్లండి. మీరు వశిష్ఠకు అవతలి ఒడ్డువాళ్లు. వెళ్లేటప్పుడు పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి వైపు నుంచి వెళ్లండి, అమ్మకు కుదుపు తక్కువ. వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో కారుతో సహా పంటు ఎక్కి నర్సాపురంలో దిగండి. ఆవిడ కారు దిగక్కర్లేదు, అద్దం దించితే చాలు, నది మధ్యలో గాలి తగులుతుంది. వరద రోజుల్లో పంటు తిరగదు, ఈ కాలంలో ఆ ఇబ్బంది ఉండదు.

ముందు గుడి. నరసింహస్వామి ఇక్కడ పడమటి ముఖంగా ఉంటాడు. తర్వాత అన్నాచెల్లెళ్ల గట్టు. నదికీ సముద్రానికీ మధ్య ఆ ఇసుక గట్టు దగ్గర రెండు వైపులా నీళ్ల రంగు వేరుగా కనబడుతుంది. అక్కడికి ఇసుకలో కారు పోదు, మనిషి నడవాలి. అసలు చిక్కు అదొక్కటే.

మా అమ్మను ఆఖరి ఏడు అక్కడికి తీసుకెళ్లాను. ఆవిడ పుట్టింది, కాపురం చేసింది అంతా వశిష్ఠ గట్టునే, ఎగువన. రోజూ రేవులో స్నానం చేసిన మనిషి, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో ఎన్నడూ చూడలేదు. ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చాం. చేపలవాళ్ల కుర్రాళ్లు ఇద్దరు కనబడితే అడిగాను. "కూకోండి మామ్మగారండి, ఆయ్" అంటూ కుర్చీతో సహా ఎత్తుకుని తడి ఇసుక దాకా తీసుకెళ్లారు. డబ్బులిస్తే ఒకడు తీసుకోలేదు, ఒకడు టీకి మాత్రం తీసుకున్నాడు. కుర్చీ కాళ్లు ఇసుకలోకి దిగుతుంటే అమ్మ చెప్పులు విప్పించుకుంది. అల వచ్చి పాదాలు తడిపింది. వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంకా ఉప్పెక్కలేదే" అంది. ఆ వేళకు నది పాటు మీద ఉంది, తీపి నీళ్లు అక్కడిదాకా వస్తున్నాయి. గంటసేపు కూర్చుంది. మధ్యలో రెండుసార్లు మళ్లీ రుచి చూసింది.

కుర్చీ బలమైనది తీసుకెళ్లు, కాళ్ల కింద పెట్టడానికి ఒక చెక్కపలక కూడా, లేకపోతే ఇసుకలో దిగబడుతుంది. గొడుగు, మంచినీళ్లు, మార్చుకోవడానికి ఒక చీర. మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఉండేలా చూసుకో. పంటు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో పొద్దున్నే ఫోను చేసో, నర్సాపురంలో తెలిసినవాళ్లనో అడిగి పెట్టుకో. వెళ్లొచ్చాక ఆ నీళ్లు ఎలా ఉన్నాయందో నాకు రాయి.